సంచిలో చెయ్యి పెట్టి అబద్ధమాడిన ఒతాకర్

జిజ్కోవ్ పేటలో అబద్ధాలకు ఏనాడూ కొరత రాలేదు. ప్రాగ్ నగరమంతటికీ సరిపడా పంచిపెట్టి, మిగిలినవి బ్ర్నో రైలెక్కించగలిగినన్ని అబద్ధాలు మా కొండ మీదే తయారవుతాయి. అలాంటి చోట కూడా ఒతాకర్ ష్పాలెక్ నోరు విప్పాడంటే మిగతా వాళ్ళంతా పలకా బలపం పట్టుకున్న పిల్లలే.

ముప్ఫై తొమ్మిదేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా, సీసా మూతలా ఉంటాడు. ఆయన కథలన్నీ లిఫ్టులోనే మొదలవుతాయి. ఓ ప్రభుత్వ భవనంలో ఇద్దరు రహస్య పోలీసులతో కలిసి ఏడు గంటలు ఇరుక్కుపోయాడట. ఆరో గంటకి వాళ్ళిద్దరూ తమకొచ్చే కలలు చెప్పుకుని ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారట. ఇంకో భవనంలో అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఎవరికీ చెప్పకుండా ఒక బొత్తాం బిగించాడట. దాన్ని నొక్కి దిగిన వాళ్ళెవరూ తిరిగి రాలేదట.

"మరి వాళ్ళింట్లో వాళ్ళు వెతకలేదా?" అని ఎవరో అడిగారు.

"ఎందుకు వెతకరూ? వెతికారు. అక్కడ అద్దె తక్కువని తెలిసి సామాను సర్దుకుని వాళ్ళూ పోయారు" అన్నాడు ఒతాకర్, మీసానికంటిన నురుగు తుడుచుకుంటూ.

ఇదంతా గురువారం సాయంత్రం నాలుగింటి లోపల. 'తడిసిన పిల్లి' బీరుకొట్టు గోడ గడియారం నాలుగు కొట్టగానే ఒతాకర్ గ్లాసు పక్కన పెట్టి, జుట్టు సర్దుకుని, వెనక గదిలో కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. అక్కడ కూర్చున్నాక ఆయన నోట అబద్ధం రాదు. రాకూడదు. నలభై ఏళ్ళుగా రాలేదు.

ఆ బల్ల 'పట్టపగటి దీపం' బృందానిది. వాళ్ళు అధివాస్తవికవాదులు. నిద్రలో మనిషికి కనిపించేవాటిని పగటి వెలుతురులో కూర్చోబెట్టి మాట్లాడించాలనే ఆ పాత పిచ్చి, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఈ ఊళ్ళో కొందరికి పట్టుకుంది. జర్మన్లు వచ్చి నిషేధించారు. వాళ్ళు పోయాక కామ్రేడ్లు వచ్చి మళ్ళీ నిషేధించారు. నిషేధించినప్పుడల్లా ఆ పిచ్చి వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది, తలుపు తెరిచాక మళ్ళీ బీరుకొట్టుకు వచ్చింది. ఆ ఉద్యమం ఫలానా సంవత్సరంలో చచ్చిపోయిందని రాస్తే విశ్వవిద్యాలయాల్లో మార్కులు వేస్తారు. ఓసారి అలా మార్కులు వేసే ఒక ప్రొఫెసరు గారే వచ్చి, చచ్చిపోయిన ఏడుగురూ బల్ల చుట్టూ కూర్చుని వెనిగర్లో ఊరిన సాసేజీలు తినడం కళ్ళారా చూసి, ఆ సంగతి కూడా నోట్సులో రాసుకుని వెళ్ళాడు.

ఆ ఏడుగురికీ పెద్ద బ్లాజెనా గారు. ఎనభై ఆరేళ్ళు. ఒకప్పుడు మందుల దుకాణంలో మందులు కలిపే ఉద్యోగం. పాత పత్రికల్లోంచి చేతులూ చేపలూ రైలింజన్లూ కత్తిరించి, చూసినవాళ్ళకి వారం రోజులు నిద్రపట్టని బొమ్మలు అతుకుతుంది. ఎవరినీ పొగడదు. మందు కొలిచినట్టు కొలిచి మాట్లాడుతుంది.

ఒతాకర్ బృందంలోకి వచ్చింది ఆమె వల్లే. వినోహ్రాదీలో ఆమె ఉండే భవనంలో ఓరోజు లిఫ్టు మూడో అంతస్తు దాటి ఆగిపోయింది. లోపల బ్లాజెనా గారు, చేతిలో గుడ్ల సంచి. కుర్రాడు ఒతాకర్ పైనుంచి తల వంచి, "భయపడకండమ్మా, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి" అన్నాడు.

"నాకు భయం లేదు. మీరే మాట్లాడండి. రాత్రి ఏం కలొచ్చింది?" అంది కింద చీకట్లోంచి గొంతు.

ఒతాకర్‌ని అప్పటిదాకా అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. చేతిలో స్క్రూ డ్రైవరు అలాగే ఉంచుకుని, రాత్రి వచ్చిన కల చెప్పడం మొదలుపెట్టాడు. పావుగంటలో లిఫ్టు బాగయింది. "అప్పుడే కదిలించకండి, ముందు కల పూర్తి చెయ్యండి" అంది ఆవిడ. ఎంతసేపని అడిగితే ఆమె గంట అంటుంది, ఆయన నాలుగు గంటలంటాడు. నాలుగు గంటల మాట ఆయన ఎప్పుడూ నాలుగింటికి ముందే చెబుతాడు కాబట్టి గంటే నిజం అయ్యుండాలి. ఆనాటి నుంచి వాళ్ళిద్దరూ ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకుంటారు. బృందంలో మిగతా అందరూ నువ్వూ నువ్వే.

నెలలో మొదటి గురువారం ఆ బల్ల దగ్గర ఒక ఆట జరుగుతుంది. యాభై ఏళ్ళ కిందట, సభలూ ప్రదర్శనలూ కుదరని రోజుల్లో, బ్లాజెనా గారి వంటింట్లో మొదలైంది. ఒకరు ఒక వస్తువు తయారుచేసి, మూతికి తాడున్న బంగాళాదుంపల సంచిలో పెట్టి తెస్తారు. ఎవరూ చూడకూడదు. ఒక్కొక్కరు లోపలికి కుడిచెయ్యి పెట్టి మనసులో వంద లెక్కపెట్టాలి. తర్వాత చెయ్యి తనకేం చెప్పిందో అది కాగితం మీద రాయాలి. అందమైన మాట రాయడం నేరం. తెలివైన మాట రాయడం అంతకన్నా పెద్ద నేరం. చెయ్యి 'చెప్పులో రాయి' అంటే చెప్పులో రాయి అని రాయాలి. 'చచ్చిపోయిన మా మావయ్య నవ్వు' అంటే అదీ రాయాలి. కల్పించి మాత్రం రాయకూడదు. ఊహే దేవుడని నమ్మే వాళ్ళకి ఇదేం నియమమని బయటివాళ్ళు నవ్వుతారు. లోపలివాళ్ళు నవ్వరు.

కాగితాలన్నీ చదివాక, వస్తువు చేసినవాళ్ళు తమని ఊపేసిన జవాబు ఒకటి ఎంచుకుని, దాన్నుంచే వచ్చే నెల వస్తువు చేస్తారు. దాన్ని తాకితే మళ్ళీ జవాబులు, వాటినుంచి మళ్ళీ వస్తువు. అలా ఒకదాని వేలు ఒకటి పట్టుకుని, ఆట కుదరని నెలలు పోను, అయిదువందల అరవై ఒక్క వస్తువులు వచ్చాయి. ఒక్క లంకె తెగలేదు. ఆరు నెలలకొకరి వంతు. ఈ ఏడు మొదటి ఆరు నెలలూ రాద్కా వంతు. ముప్ఫై ఏళ్ళ పిల్ల, కట్టుడు పళ్ళు చేసే ప్రయోగశాలలో ఉద్యోగం. బృందంలోకి వచ్చి మూడేళ్ళయింది.

ఈ జనవరిలో ఓ ఆదివారం ఒతాకర్ ఇంట్లో బంగాళాదుంప అట్లు వేస్తున్నాడు. భార్య హెద్వికా పక్కగదిలోంచి, "ఏమిటీ కాలిన కంపు? అట్టు మాడుతోంది!" అని అరిచింది. అట్టు బాగానే ఉంది. మాడుతున్నవి ఒతాకర్ వేళ్ళు. పెనం అంచు పట్టుకుని నిలబడి, ఆ సంగతి తెలియక, పాట పాడుకుంటున్నాడు.

డాక్టరు సూదితో ఒక్కో వేలూ పొడుస్తూ, "తెలుస్తోందా?" అని అడిగాడు.

"మీరింకా మొదలుపెట్టలేదనుకున్నానే" అన్నాడు ఒతాకర్.

షుగరు. వేళ్ళ నరాలు నిద్రపోయాయి, లేపడం కష్టం అన్నాడు డాక్టరు. బీరు మానమన్నాడు. ఒతాకర్‌కి బీరు సంగతి ఒక చెవిలోంచి దూరి ఇంకో చెవిలోంచి బయటికి పోయింది. వేళ్ళ సంగతి మాత్రం గుండెలోకి దిగి అక్కడే కూర్చుంది.

బృందంలో ఒకప్పుడు ఆల్బీన్ అని ఒక శిల్పి ఉండేవాడు. గంట మోగినట్టుండే గొంతు, రోజూ నలుగురితో తగాదా. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అందరూ జాలిపడి ఆయన్ని గౌరవ సభ్యుణ్ణి చేశారు. హీటరు పక్కన మెత్తటి కుర్చీ వేశారు. ఆయనేమన్నా, "అవునవును ఆల్బీన్, ఎంత బాగా చెప్పావు!" అన్నారు. వాదించడం మానేశారు. తగాదా మానేశారు. రెండేళ్ళు అలా మెత్తగా కూర్చుని, ఎవరూ కాదనకుండానే పోయాడు పాపం. ఆ రెండేళ్ళూ ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నది ఒతాకరే. చావంటే ఆయనకు భయం లేదు. ఆ కుర్చీ అంటే భయం.

"వాళ్ళకి చెప్పెయ్ ఒతా. చెప్తే ఏమవుతుంది?" అంది హెద్వికా.

"ఏమీ అవదు. అదే బాధ. 'అయ్యో ఒతా' అంటారు."

"అంటే అననీ!"

"నలభై ఏళ్ళు నన్ను 'ఒరేయ్ ఒతా' అన్నవాళ్ళే 'అయ్యో ఒతా' అంటే, ఇంక నేను అక్కడ ఉన్నట్టా, లేనట్టా?"

ఫిబ్రవరి మొదటి గురువారం సంచి ఆయన ముందుకొచ్చింది. చెయ్యి పెట్టాడు. వంద లెక్కపెట్టాడు. సంచిలో ఏదో ఉంది. అంతకుమించి చెయ్యి ఒక్క మాట చెప్పలేదు. చుట్టూ పెన్సిళ్ళు గీసిన చప్పుడు. ఎదురుగా బ్లాజెనా గారి కళ్ళు. ఒతాకర్ కాగితం ముందుకు లాక్కుని, జీవితంలో మొట్టమొదటిసారి, నాలుగు దాటాక అబద్ధం ఆడాడు: 'పిచ్చుకలు తమ ఆదివారాన్ని దాచుకునే తపాలా పెట్టె.'

జవాబులు చదివే పని ఇవోది. ట్రాముల వేళలు తయారుచేసే ఆఫీసులో గుమాస్తా. కలల్ని కూడా ట్రాములు ప్రకటించినట్టే చదువుతాడు. ఆ ఇవో ఈ జవాబు దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రాద్కా బల్ల మీద చరిచింది. "ఇదే! నాకిదే కావాలి!"

దొంగతనం చేసినవాడికి పోలీసు సెల్యూట్ కొట్టినట్టుంది ఒతాకర్‌కి.

మార్చిలో మళ్ళీ అంతే. రాద్కా ఆ అబద్ధాన్ని నమ్మి, రేకూ పళ్ళ ముద్రలకి వాడే తెల్లపిండీ కలిపి ఏదో అద్భుతం చేసి తెచ్చింది. అది సంచిలోంచి బయటికి తీస్తే అందరూ నోళ్ళు తెరిచారు. దాన్ని తాకి ఒతాకర్ రాసింది, 'నిద్రలో నడిచే మెట్లు'. ఏప్రిల్లో, 'అత్తగారి గొంతుతో కురిసే వాన'. మూడుసార్లూ రాద్కా ఎంచుకున్నది ఆయన జవాబే. నలభై ఏళ్ళు నిజాయితీగా 'సబ్బుముక్క', 'తడి కుక్క', 'ఎవరిదో మోకాలు' అని రాసినప్పుడు ఒక్కడూ తలెత్తి చూడలేదు!

ఇంట్లో గుట్టుగా సాధన చేశాడు. హెద్వికా దిండు గలీబులో ఏదో ఒకటి వేసి ఇచ్చేది. ఉల్లిపాయ వేస్తే గడియారం అన్నాడు. గడియారం వేస్తే ఉల్లిపాయ అన్నాడు.

"చూశావా, రెండూ చెప్పాను. వరస తప్పిందంతే."

హెద్వికా నవ్వి, తన ఇంటిచెప్పు వేసింది. ఒతాకర్ కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికాడు.

"మా అమ్మా?" అన్నాడు.

ఈసారి హెద్వికా నవ్వలేదు. గలీబు లాక్కుని, ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అదీ ఆయనకు తెలియలేదు, చూస్తే తప్ప.

ఏప్రిల్ ఆఖర్లో బ్లాజెనా గారు టెలిఫోను చేసింది. ఆవిడ టెలిఫోను చేయడమే పెద్ద వార్త.

"ష్పాలెక్ గారూ, ఆట మొదలై యాభై ఏళ్ళని పుస్తకం వేస్తున్నాం. మొదటి పేజీలో మీ మూడు జవాబులు పెడుతున్నాను. నలభై ఏళ్ళుగా మీ చేతిలో ఏదో ఉందని అనుకుంటూ ఉన్నాను. ఇప్పటికి బయటపడింది."

రిసీవరు పెట్టేశాక ఒతాకర్ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆవిడ నోట పొగడ్త విన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. వినాలని ఆయన నలభై ఏళ్ళు ఎదురుచూశాడు. తీరా వచ్చాక అది వేరే ఎవరికో రావలసిన పార్సిలులా ఉంది. చెబితే మెత్తటి కుర్చీ. చెప్పకపోతే, యాభై ఏళ్ళు ఎందరో ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాపాడిన గొలుసుకి మొదటి పేజీలోనే మూడు దొంగ లంకెలు.

"నిన్ను బీరు మానమన్నా ఇంత విచారపడలేదు" అంది హెద్వికా.

"బీరు మానమన్నారా? ఎప్పుడు?" అన్నాడు ఒతాకర్.

మే మొదటి గురువారం. నాలుగు కొట్టింది. ఆరోజు నాలుగింటి లోపు కూడా ఆయన ఒక్క కథా చెప్పలేదని కొట్టు నడిపే యార్మిలకి అనుమానమొచ్చింది. "ఒంట్లో బాగాలేదా, ఒతా? లిఫ్టుల్లో జనం అంతా దిగిపోయారా?" అని అడిగింది. ఆయన తల ఊపి వెళ్ళి కూర్చున్నాడు.

సంచి తిరిగింది. ఒతాకర్ చెయ్యి పెట్టాడు, వంద లెక్కపెట్టాడు, చెయ్యి తీశాడు. పెన్సిల్ ముట్టుకోలేదు.

ఇవో చదువుతూ పోయాడు. ఒకరిది గుర్రం చెవి. ఒకరిది వెన్న రాసిన తాళం. బ్లాజెనా గారిది 'మరచిపోయిన ఊరి తడి'. ఆఖరి కాగితం తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ష్పాలెక్. ఖాళీ."

"ఖాళీ అని రాశాడా?" అంది రాద్కా ఆశగా.

"కాదు. రాయలేదు. కాగితం ఖాళీ."

ఒతాకర్ లేచి నిలబడ్డాడు. బృందంలో ఎవరూ ఎప్పుడూ నిలబడి మాట్లాడరు. "నా వేళ్ళు చచ్చిపోయాయి" అన్నాడు. "జనవరి నుంచి. ఫిబ్రవరిలో నేను రాసింది అబద్ధం. మార్చిదీ అబద్ధమే. ఏప్రిల్‌దీనూ. సంచిలో రాయి ఉందో రొట్టె ఉందో కూడా నాకు తెలియలేదు. కూర్చుని కల్పించాను."

రాద్కా మెల్లగా ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"కూర్చో ఒతా. పోనీలే. చేతిలోంచి వస్తేనేం, తలలోంచి వస్తేనేం? నీ ఊహ ఎంత గొప్పది!"

"అవును ఒతా" అన్నాడు ఇవో, ఆఖరి ట్రాము గురించి చెప్పినంత మృదువుగా. "నువ్వు మనసు కష్టపెట్టుకోకు. ఇక నువ్వు ఆడక్కర్లేదు. ఊరికే వచ్చి మాతో కూర్చో. గౌరవ సభ్యుడిగా..."

ఒతాకర్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. హీటరు పక్కనున్న ఖాళీ కుర్చీ ఆయన్నే చూస్తోంది. ఆయన బ్లాజెనా గారి వైపు తిరిగాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. పెన్సిల్ చెక్కుకుంటోంది.

"ష్పాలెక్ గారూ" అంది, పెన్సిల్ మొన ఊదుతూ. "ఇవాళ చెయ్యి ఏం చెప్పింది?"

"ఏమీ చెప్పలేదండీ. చెప్పాను కదా."

"ఏమీ చెప్పకపోవడం ఎలా ఉంది? నాకు జాలి కబుర్లు అక్కర్లేదు. సంచిలో చెయ్యి పెట్టారు, వంద లెక్కపెట్టారు, జవాబు బాకీ ఉంది. పెట్టండి మళ్ళీ."

ఇవో ఏదో అనబోయాడు. ఆవిడ పెన్సిల్ ఎత్తింది. ఇవో మానేశాడు.

ఒతాకర్ మళ్ళీ చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈసారి వంద దాటి ఎక్కడికో వెళ్ళింది లెక్క.

"పక్కవాటాలో ఎవరో తలుపు తడుతున్నారు" అన్నాడు చివరికి. "మా తలుపు కాదు. గోడ అవతల. ఎవరో ఉన్నారని తెలుస్తోంది. ఎవరో తెలియదు. లేచి వెళ్ళి తీద్దామంటే ఆ ఇంటి తాళం నా దగ్గర లేదు. అంతే. ఇంకేం లేదు."

బ్లాజెనా గారు రాసుకుంది. ఎవరి జవాబునూ ఆవిడ తన చేత్తో ఎప్పుడూ రాసుకోదు. చుక్క పెట్టి, బల్ల అంచు పట్టుకుని, కష్టపడి లేచింది.

"ఆటలో అబద్ధం ఆడినందుకు ఒతాకర్ ష్పాలెక్‌ని ఈ బృందం నుంచి బహిష్కరిస్తున్నాం" అంది. "ఏడాది పాటు. అభ్యంతరాలుంటే వచ్చే ఏడాది చెప్పండి."

"బ్లాజెనా!" అంది రాద్కా. "ఆయనకి ఒంట్లో బాగాలేదు!"

"ఒంట్లో బాగాలేనందుకు బహిష్కరించలేదు. అబద్ధమాడినందుకు. ఒంటికి మందులున్నాయి."

ఈ బృందంలో బహిష్కరణ కొత్త కాదు. తొంభై ఏళ్ళలో చేరినవాళ్ళకన్నా బయటికి పోయినవాళ్ళే ఎక్కువ. కొందరిని రెండుసార్లు గెంటారు మరి. కానీ పాతికేళ్ళుగా ఎవరినీ బహిష్కరించలేదు. అంత పట్టింపు ఎవరి మీదా కలగలేదు.

ఒతాకర్ ముఖం చూసి ఇవో కంగారుపడ్డాడు. మనిషి ఏడుస్తున్నాడనుకున్నాడు. తీరా చూస్తే మీసాల కింద పళ్ళన్నీ కనిపిస్తున్నాయి.

"ఏడాది తక్కువ కాదూ? మూడు అబద్ధాలు ఆడాను" అన్నాడు ఒతాకర్.

"బేరాలు వద్దు" అంది బ్లాజెనా గారు. "ఇక గొలుసు. అయిదువందల అరవై రెండు, మూడు, నాలుగు రద్దు. అబద్ధంలోంచి పుట్టిన వస్తువులు లెక్కలోకి రావు. అరవై ఒకటి దగ్గరికి వెనక్కి వెళ్దాం."

అప్పటిదాకా చొక్కా పట్టుకుని ఓదార్చిన రాద్కాకి అప్పుడు అర్థమైంది. ఆ మూడూ ఆమెవే. ఒక్కోదానికి నెల రోజుల చొప్పున, ప్రయోగశాలలో పళ్ళ పని అయ్యాక కూర్చుని చేసినవి. జీవితంలో అంత బాగా ఏమీ చెయ్యలేదు.

"ఓరి అబద్ధాలకోరు ముసలోడా!" అని లేచింది. "నీ పిచ్చుకల ఆదివారం కోసం నేను నాలుగువందల ఈకలు చెక్కాను! ఒక్కోటీ! పంటి సూదితో! నా కళ్ళు పోయాయి! నువ్వు చేతికేం తెలియకుండా అక్కడ కూర్చుని నామీద కవిత్వం అల్లావా?"

"అల్లాను" అన్నాడు ఒతాకర్ వినయంగా.

"అత్తగారి గొంతు వాన! నాకు అత్తగారే లేదు! ఎవరి అత్తగారినో వెతుక్కుంటూ వెళ్ళి గొంతు విని వచ్చాను! మొహం చూపించకు! పో, అవతలికి పో!"

ఒతాకర్‌కి ఒంట్లోకి వేడి తిరిగివచ్చింది. 'అయ్యో' పోయి 'ఓరి' వచ్చింది. ఇంకా రెండు తిట్లు ఉంటాయేమోనని కాసేపు నిలబడ్డాడు.

ఇవో మాత్రం కాగితాలు సర్దుకుంటూ చిక్కులో పడ్డాడు. "ఒక సందేహం. ఇవాళ సంచిలో ఉన్నది అరవై నాలుగో వస్తువు. అంటే రద్దయింది. రద్దయిన వస్తువుని తాకి నిజం చెబితే ఆ నిజం దేని కిందికి వస్తుంది?"

"వస్తువు అబద్ధం. తాకడం నిజం" అంది బ్లాజెనా గారు. "ఇవాళ్టి జవాబుల్లో ఒకటి ఎంచుకుంటే దాన్నుంచి వచ్చేదే కొత్త అరవై రెండు. రాద్కా, ఎంచుకో. కోపంతో ఎంచుకోకు."

రాద్కా గుర్రం చెవి చూసింది. వెన్న రాసిన తాళం చూసింది. మరచిపోయిన ఊరి తడి చూసింది. కాగితాలు రెండుసార్లు తిరగేసి, పళ్ళు బిగించి, బ్లాజెనా గారి నోటుపుస్తకం వైపు వేలు చూపించింది.

"అదే. గోడ అవతలి తలుపు. ఈ ముసలోడి మీద కోపం మాత్రం పోలేదు, ఎవరూ పోయిందనుకోకండి."

బహిష్కరించినవాళ్ళు తమ గ్లాసు ఆ బల్ల దగ్గరే ఖాళీ చేసి లేవవచ్చని పాత ఆచారం. ఒతాకర్ ఆ గ్లాసు ఖాళీ చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత లేచి పక్క బల్లకి వెళ్ళాడు. చుట్టుపక్కల అంత మంచి బీరు ఇంకెక్కడా దొరకదు కాబట్టి పూర్వం బహిష్కృతులంతా పక్క బల్ల దగ్గరే కూర్చునేవారు. ఒకప్పుడు ఆ బల్లకి కుర్చీలు చాలేవి కావట. నియమం ఒక్కటే. వాళ్ళతో బృందం మాట్లాడకూడదు, వాళ్ళు ఆట ముట్టుకోకూడదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి హెద్వికాతో, "నన్ను గెంటేశారు!" అన్నాడు, కొడుకు పుట్టినట్టు.

"శుభం. అట్లు చల్లారిపోతున్నాయి, రా" అంది ఆవిడ. పెనం మాత్రం ముట్టనివ్వలేదు.

జూన్ మొదటి గురువారం ఒతాకర్ అందరికన్నా ముందే వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. రాద్కా సంచి తెచ్చి, ఆయన వైపు చూడకుండా, చూడటం లేదని ఆయనకి తెలిసేలా పెద్ద చప్పుడుతో పెట్టింది. ఆట మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెడుతున్నారు. ఈసారి ముఖాలు వేరేగా ఉన్నాయి. ఇవో వంద దాకా వెళ్ళలేక అరవై దగ్గరే చెయ్యి తీసి, మళ్ళీ పెట్టాడు. ఒతాకర్ మెడ సాగదీసి చూస్తూ కుర్చీతో సహా ముందుకి జరిగాడు.

"యార్మిలా" అంది బ్లాజెనా గారు, తల తిప్పకుండా. "ఆ పక్క బల్ల పెద్దమనిషిని కుర్చీ వెనక్కి జరుపుకోమను. మాకు పని ఉంది."

"విన్నావుగా" అంది యార్మిల.

ఒతాకర్ బెత్తెడు జరిగాడు. చివరగా సంచి బ్లాజెనా గారి దగ్గరికి వచ్చింది. ఆవిడ చెయ్యి పెట్టి, వంద లెక్కపెట్టి, తన జవాబు రాసుకుని, సంచి మూతి దగ్గరికి లాగింది. అప్పుడు చేతికర్ర తీసుకుని, సంచి చంకన పెట్టుకుని లేచింది. చేతులు కడుక్కోవడానికి వెళ్ళే దారి పక్క బల్ల మీదుగానే. అక్కడికొచ్చి ఆగింది.

"కర్రా సంచీ రెండూ పట్టుకుని నడవలేను" అంది, ఎవరితోనో. సంచి ఒతాకర్ ముందు పెట్టింది. మూతి తాడు వదులుగానే ఉంది. టక్కుటక్కుమంటూ వెళ్ళిపోయింది.

రాద్కా ఇవో వైపు చూసింది. ఇవో పైకప్పు వైపు చూశాడు.

ఎనభై ఆరేళ్ళ మనిషి కాబట్టి ఆలస్యం అవుతుంది. ఆ రోజు మరీ ఆలస్యమైంది. ఎవరైనా మనసులో లెక్కపెట్టి ఉంటే వంద దాటి ఉండేది. తిరిగి వచ్చి, చేతులు పావడాకి తుడుచుకుని, సంచి ఎత్తుకుంది.

"బరువుగా ఉందా?" అంది.

ఒతాకర్ నోటి దగ్గరికి మాటలు పరిగెత్తుకొచ్చాయి. లిఫ్టులూ, పిచ్చుకలూ, అత్తగార్లూ, బొత్తాలూ అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆయన నోరు మూసుకుని వాటినన్నిటినీ వెనక్కి పంపాడు.

"తెలియలేదండీ" అన్నాడు.

బ్లాజెనా గారు బల్ల దగ్గరికి నడిచి, సంచి మధ్యలో పెట్టి, కుర్చీలో సర్దుకుంది.

"ఇవో, రాసుకో. పక్క బల్ల, తెలియలేదు."